ఎక్స్‌టెండెడ్ వారంటీనా, డ్యామేజ్ ప్లానా, ఇన్సూరెన్సా? "తప్పు మీదే" అన్న రోజు ఏది పనికొస్తుంది

కొత్త టీవీ కొని బిల్లు కౌంటర్ దగ్గర నిలబడగానే ఒక ప్రశ్న వస్తుంది. "ఇంకో మూడు వేలు వేసుకుంటే రెండేళ్లు ఎక్స్‌టెండెడ్ వారంటీ వస్తుంది, కలిపేయమంటారా?" వెనక లైన్లో జనం, పక్కన పిల్లలు, డెలివరీ ఎప్పుడన్న తొందర. ఆ రెండు నిమిషాల్లో అవుననో కాదనో చెప్పేస్తాం. అవునన్నవాళ్లు ఇక ఏం పాడైనా కంపెనీయే చూసుకుంటుందని ధైర్యంగా ఇంటికెళతారు, వద్దన్నవాళ్లు మూడు వేలు మిగిలాయనుకుంటారు, ఇద్దరిలోనూ ఎక్కువమంది ఆ మూడు వేలకి అసలు ఏం వస్తుందో అడగరు.

వచ్చేది ఇది: కంపెనీ మొదటి ఏడాదికి ఇచ్చిన మాటనే ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. ఆ మాటేంటంటే, తయారీలో లోపం వల్ల పాడైతే ఉచితంగా బాగుచేస్తాం అని. కింద పడినా, తడిసినా, హై వోల్టేజ్‌కి కాలినా, బల్లి దూరి లోపలి సర్క్యూట్ బోర్డు (పీసీబీ) షార్ట్ అయినా, బయట మెకానిక్ విప్పినా మొదటి ఏడాదిలోనే రాదు, మూడో ఏడాదిలో ఎలా వస్తుంది? అందుకే ఎన్నేళ్లు అన్న లెక్క తర్వాత చూసుకోవచ్చు. ముందు మీ ఇంట్లో ఆ వస్తువు ఏ రకంగా పాడయ్యే అవకాశం ఎక్కువో ఆలోచించండి, పాడైన రోజున తప్పు ఎవరిదో తేల్చేది ఎవరో కనుక్కోండి. ఈ రెండూ తెలిస్తే ఏ ప్లాన్ తీసుకోవాలో, అసలు తీసుకోవాలో వద్దో చాలావరకు తేలిపోతుంది.

మా చెల్లెలి ఫోన్ సంగతి చెప్తాను. తను కాకినాడలో ఉంటుంది. ఫోన్ కొని ఎనిమిది నెలలైంది, ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా కట్టింది. ఒకరోజు చార్జింగ్ ఎక్కడం మానేసింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఇరవై నిమిషాల్లో తేల్చేశారు: సిమ్ ట్రే లోపలి పట్టీ ఎర్రబడింది, ఇది లిక్విడ్ డ్యామేజ్, వారంటీ వర్తించదు, బోర్డు మార్చాలి, ఫోన్ ధరలో సగానికి పైనే అవుతుంది. నీళ్లలో పడలేదని తను ఎంత చెప్పినా వినలేదు. పాటలు పెట్టుకుని స్నానాల గదిలో వేడినీళ్ల బకెట్ పక్కన ఫోన్ ఉంచే అలవాటు మాత్రం ఉందని మాతో ఒప్పుకుంది. వెనక్కి తెచ్చి మాకు బాగా తెలిసిన మెకానిక్‌కి చూపిస్తే, అతను విప్పి బోర్డుని మా ముందే లెన్స్ కింద పెట్టాడు. ఎక్కడా చిలుము లేదు. చార్జింగ్ పోర్ట్ ఉండే చిన్న సబ్ బోర్డు పోయింది, పన్నెండు వందలతో పని అయిపోయింది. పట్టీ ఎర్రబడిన మాట నిజమే, తేమ తగిలిన మాటా నిజమే కావచ్చు, కానీ ఆ తేమ వల్లే చార్జింగ్ ఆగిందని సర్వీస్ సెంటర్‌లో ఎవరూ చూపించలేదు. మేమూ అడగలేదు, ఎందుకంటే అడగొచ్చని అప్పటికి మాకు తెలియదు. బయట విప్పించాం కాబట్టి మిగిలిన వారంటీ పోయింది, ఎక్స్‌టెండెడ్ కోసం కట్టిన డబ్బూ పోయింది.

ఫోన్‌లో తప్పు మీదని ఎలా అంటారు

ఆ పట్టీని లిక్విడ్ ఇండికేటర్ అంటారు. మామూలుగా తెల్లగా ఉంటుంది, నీరు తగిలితే రంగు మారి ఎర్రగా అవుతుంది, ఒకసారి మారాక మళ్లీ తెల్లబడదు. చాలా ఫోన్లలో సిమ్ ట్రే తీసి టార్చ్ వేసి చూస్తే కనిపిస్తుంది, లోపల బోర్డు మీదా బ్యాటరీ దగ్గరా ఇంకొన్ని ఉంటాయి. ఫోన్ వాడకానికి చెప్పిన ఉష్ణోగ్రత, తేమ పరిమితుల్లో ఉంటే గాలిలో తేమకి ఇది మారదని ఆపిల్ చెబుతుంది. కానీ ఇదే ఆపిల్ మీద అమెరికాలో పాత ఐఫోన్లు, ఐపాడ్ టచ్‌ల విషయంలో కేసు పడింది, ఆ పట్టీ తయారుచేసిన త్రీఎం కంపెనీయే తేమకి కూడా గులాబీ రంగు తేలవచ్చని చెప్పింది, చివరికి 2013లో ఆపిల్ తప్పు ఒప్పుకోకుండానే 5 కోట్ల 30 లక్షల డాలర్లకి రాజీ చేసుకుంది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉండేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, అక్కడ గాలే సగం నీరు.

పట్టీ చెప్పేది ఒక్కటే, ఆ చోట తడి తగిలిందని. ఇప్పుడున్న రిపేరు ఆ తడి వల్లే వచ్చిందని అది చెప్పదు. అది తేలాలంటే పాడైన భాగం మీద తడి ఆనవాళ్లు కనిపించాలి: ఐసీ (చిప్) కాళ్ల దగ్గర పచ్చటి చిలుము, తెల్లటి పొడి, కనెక్టర్‌లో నల్లబడిన పిన్నులు. ఇవి ఫోటోలో స్పష్టంగా పడతాయి. అందుకే లిక్విడ్ డ్యామేజ్ అనగానే కోప్పడకుండా ఒకటే అడగండి, "బోర్డు ఫోటో ఇవ్వండి, ఎక్కడ తుప్పు పట్టిందో చూపించండి" అని. నిజంగా ఉంటే చూపిస్తారు, అప్పుడు వాదించి లాభం లేదు. లేకపోతే మాట్లాడే తీరు మారుతుంది.

ఇక వాటర్‌ప్రూఫ్ గొడవ. పెట్టె మీద ఐపీ67 అని ఉంటే మీటరు లోతు మంచినీటిలో 30 నిమిషాలు తట్టుకుందని, ఐపీ68 అంటే అంతకన్నా కఠినమైన పరీక్షకి, ఎంత లోతు, ఎంతసేపన్నది ఆ కంపెనీ చెప్పుకున్నదాన్ని బట్టి. ఆ పరీక్ష కొత్త ఫోన్‌కి, మామూలు నీటిలో చేసేది. సముద్రపు నీరు, స్విమ్మింగ్ పూల్ క్లోరిన్, సబ్బు నీరు, సాంబారు వేరు. రెండేళ్లు వాడాక లోపలి జిగురు, రబ్బరు సీళ్లు మొదట్లో ఉన్నంత గట్టిగా ఉండవు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఐపీ68 అని ప్రచారం చేసిన కంపెనీయే వారంటీ కార్డులో నీటి డ్యామేజ్ మాకు సంబంధం లేదని రాస్తుంది. ఇటలీలో 2020లో ఆపిల్‌కి కోటి యూరోల జరిమానా పడింది సరిగ్గా ఇందుకే, నీటిని తట్టుకుంటుందని చెప్పి నీటితో పాడైతే వారంటీ ఇవ్వట్లేదని. 2022లో ఆస్ట్రేలియాలో శాంసంగ్ కోటీ 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు కట్టింది. పూల్‌లో, సముద్రంలో వాడొచ్చన్నట్టు గెలాక్సీ ఫోన్లకి ప్రకటనలు ఇచ్చింది, తడి ఆరకముందే చార్జింగ్ పెడితే పోర్ట్ తుప్పుపట్టి పాడవుతుందన్నది తేలింది. ఈ చివరి ముక్క మనందరికీ పనికొస్తుంది: వానలో తడిసి వచ్చిన ఫోన్‌కి వెంటనే చార్జర్ గుచ్చకండి, కొన్ని గంటలు ఆగండి.

డిస్‌ప్లే విషయంలో వాళ్లు చూసేది దెబ్బ తగిలిన చోటు. ఒక చుక్క నుంచి సాలెగూడులా గీతలు పాకితే, అంచున సొట్ట ఉంటే, అది పడిందే. గాజు మీద ఏమీ లేకుండా నిలువుగా ఆకుపచ్చ గీత ఒకటి వచ్చిందంటే దాని కథ వేరు, అమోలెడ్ రకం డిస్‌ప్లే ఉన్న ఫోన్లలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసిన మర్నాడే ఇలా వచ్చిందని చాలామంది చెప్పారు. దీనికి మన దేశంలో వన్‌ప్లస్ కొన్ని మోడళ్లకి లైఫ్‌టైమ్ స్క్రీన్ వారంటీ ప్రకటించింది, శాంసంగ్ 2024లో ఎస్20, ఎస్21, ఎస్22 సిరీస్‌లలో కొన్ని ఫోన్లకి ఒకసారి ఉచితంగా మార్చింది. కాబట్టి వారంటీ అయిపోయిందని డిస్‌ప్లేకి పద్నాలుగు వేలు కట్టేసే ముందు, ఆ మోడల్‌కి అలాంటి స్కీమ్ నడుస్తోందా అని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడగండి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు తమంతట తాము చెప్పకపోవచ్చు.

సాఫ్ట్‌వేర్‌ని కెలికినా తెలిసిపోతుంది. శాంసంగ్ ఫోన్లలో నాక్స్ అని లోపల ఒక ఫ్యూజు లాంటిది ఉంటుంది, కంపెనీది కాని సాఫ్ట్‌వేర్ (కస్టమ్ రోమ్) ఎక్కించినా, లోపలి తాళాలు తీసి రూట్ చేసినా అది మారుతుంది, తర్వాత ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ వేసినా పాత స్థితికి రాదు.

లాప్‌టాప్ గురించి రెండు ముక్కలు చాలు. కీబోర్డు కింద, బోర్డు మీద అవే పట్టీలు ఉంటాయి, టీ ఒలికితే చక్కెర జిగురు కూడా సాక్ష్యం. స్క్రీన్ తెరిచి మూసే హింజ్ (మడత బందు) విరగడం దగ్గరే పేచీ ఎక్కువ, వాళ్లు బలంగా తెరిచారంటారు, మనం మామూలుగానే తెరిచామంటాం. మూలన సొట్ట లేకుండా లోపలి స్క్రూ దిమ్మెలు ఊడివస్తే అది డిజైన్ లోపమేనని నేను నమ్ముతాను, అలాంటప్పుడు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, ఒక మూల కూడా దెబ్బ లేదని చూపించండి. బ్యాటరీ ఉబ్బితే మాత్రం వాదనల కోసం వాడుతూ కూర్చోకండి, ఆఫ్ చేసి వెంటనే ఇచ్చేయండి, అది ప్రమాదం.

టీవీ, ఏసీల దగ్గర అసలు కథ

టీవీలో ఖరీదంతా ప్యానెల్‌దే. ప్యానెల్ పోతే దాదాపు కొత్త టీవీ ధర. మా పెద్దమ్మ వాళ్ల టీవీకి కింది అంచు నుంచి గీతలు వచ్చాయి, బయట ఒక్క గీటు లేదు, పధ్నాలుగు నెలలైంది, ఎక్స్‌టెండెడ్ ఉంది, వచ్చేస్తుందని అందరం అనుకున్నాం. వచ్చిన టెక్నీషియన్ కింది ఫ్రేమ్ విప్పి ఎండిపోయిన నీటి చారలు చూపించాడు. పండక్కి ఇల్లు శుభ్రం చేస్తూ పనమ్మాయి సరిగ్గా పిండని తడిగుడ్డతో స్క్రీన్ తుడిచింది, నీరు కిందికి జారి ప్యానెల్ అంచున ఉండే సన్నటి రిబ్బన్లలోకి వెళ్లింది. ఇక్కడ టెక్నీషియన్ చెప్పింది నిజం, మేం ఒప్పుకున్నాం. టీవీని ఎప్పుడూ పొడి మెత్తటి గుడ్డతోనే తుడవండి, మరక పోకపోతే గుడ్డకే కాస్త తడి చేయండి తప్ప స్క్రీన్ మీద నేరుగా ఏదీ చల్లొద్దు, ఈ మాట ఇంట్లో శుభ్రం చేసేవాళ్లకి కూడా చెప్పండి.

పైన గాజు బాగుండి లోపలే పగుళ్లు కనిపించడం కూడా ఉంది. వేలితో నొక్కినా, అడ్డంగా పడుకోబెట్టి ఆటోలో తెచ్చినా అలా అవుతుంది, దాన్ని ఫిజికల్ డ్యామేజ్ కిందే రాస్తారు. డెలివరీలోనే జరిగి ఉంటే మీ దగ్గరున్న ఒకే ఒక్క ఆధారం పెట్టె విప్పుతున్నప్పుడు తీసిన వీడియో. సీలు కనిపించేలా మొదలుపెట్టి, టీవీ ఆన్ చేసి తెల్ల స్క్రీన్, నల్ల స్క్రీన్ చూపించేదాకా ఆపకుండా తీయండి. డెలివరీ కుర్రాళ్లు తొందరపెడతారు, అయినా తీయండి.

ఏసీ దగ్గర నాకు బాధ కలిగించేది "10 ఏళ్ల వారంటీ" అన్న పెద్ద అక్షరాలు. ఆ పదేళ్లు కంప్రెసర్‌కి. కంప్రెసర్ మార్చాల్సి వచ్చినా గ్యాస్, లేబర్, రవాణా వేరుగా అడగొచ్చు, కార్డులో చూసుకోవాలి. ఇన్వర్టర్ ఏసీలో ఎక్కువగా పోయేది పీసీబీ, దానికి చాలా మోడళ్లలో ఏడాదే, కొన్నింటికి ఐదేళ్లు. రెండు ఏసీల మధ్య ఎంచుకునేటప్పుడు మూడు వేలు ఎక్కువైనా పీసీబీకి ఐదేళ్లిచ్చేది తీసుకోండి, విడిగా ఎక్స్‌టెండెడ్ కొనడం కన్నా అది మేలు. కండెన్సర్ (బయటి యూనిట్‌లోని కాయిల్) మీద ఎన్నేళ్లో కూడా అడగండి, ఉప్పుగాలి తగిలే ఊళ్లలో కాయిల్ తుప్పుపట్టి గ్యాస్ కారిపోతుంది, తుప్పుని మినహాయింపుల్లో రాసే కంపెనీలూ ఉన్నాయి.

పీసీబీ కాలినప్పుడు టెక్నీషియన్ ఏం చూస్తాడు? కరెంటు లోపలికి వచ్చే చోట చిన్న బిళ్లలా ఉండే వేరిస్టర్ ఒకటి ఉంటుంది, హై వోల్టేజ్ వస్తే అది తను బలై ఫ్యూజు కొట్టేస్తుంది. అది పగిలి చుట్టూ మసి ఉంటే వోల్టేజ్ ఎక్కువ వచ్చినట్టే. మన ఊళ్లలో స్తంభం దగ్గర న్యూట్రల్ వైరు తెగితే 230 రావాల్సిన చోట 350, ఒక్కోసారి 400 దాకా వచ్చేస్తుంది, వీధి మొత్తం టీవీలు, ఫ్రిజ్‌లు ఒకేసారి పోయిన ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి. ఇది వారంటీలో రాదు. "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని అమ్మినా, ఆ మాట మాన్యువల్‌లో రాసిన వోల్టేజ్ రేంజ్ వరకే. వేరిస్టర్ శుభ్రంగా ఉండి లోపలి పవర్ మాడ్యూలో కెపాసిటరో పోతే మాత్రం వోల్టేజ్ మీద నెట్టేయడం అంత సులువు కాదు, అప్పుడు "ఏ భాగం పోయింది, వోల్టేజ్ వల్లేనని దేన్నిబట్టి అంటున్నారు" అని రాతపూర్వకంగా అడగండి.

బల్లుల సంగతి వేరే చెప్పాలి. వెచ్చగా ఉంటుందని అవుట్‌డోర్ యూనిట్‌లోకి దూరి రెండు పాయింట్ల మధ్య అడ్డంగా పడి చచ్చిపోతాయి, బోర్డు అక్కడితో సరి. మాడిన బల్లి బోర్డు మీదే దొరుకుతుంది కాబట్టి ఇందులో వాదనే ఉండదు. వాషింగ్ మెషీన్ కింద వైర్లు కొరికిన ఎలుకా అంతే. బిగించే రోజునే పైపు వెళ్లే కంతలు మూయించండి, మెషీన్ కింద ఎలుక రాకుండా అడుగు పలక అమ్ముతారు, అది వేయించండి.

ఇప్పుడు ఏది ఎంచుకోవాలి

కంపెనీ వాళ్లే ఇచ్చే ఎక్స్‌టెండెడ్ వారంటీ, షాపు వాళ్లు ఇచ్చేది, ఈ రెండూ పేరుకి ఒకటే, లోపల వేరు. కంపెనీదైతే అదే సర్వీస్ సెంటర్, అవే పార్టులు, కొన్నేళ్ల తర్వాత కూడా ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. షాపు ప్లాన్ చాలాసార్లు వేరే సంస్థది, షాపు అమ్మి పెడుతుంది అంతే. అందులో చూడాల్సినవి: తరుగు లెక్క, అంటే ఏడాదికి ఇంత చొప్పున వస్తువు విలువ తగ్గించి మిగిలిందే ఇవ్వడం, రిపేరు ఖర్చు ఆ తగ్గిన విలువ దాటితే రిపేరు చేయకుండా అదే షాపులో వాడుకునే వోచర్ ఇవ్వడం. నలభై వేల టీవీ నాలుగో ఏట ప్యానెల్ పోయి పన్నెండు వేల వోచర్ చేతికొస్తే మీకది సరేనా? కొందరికి సరే. నాకైతే కంపెనీ ప్లాన్ అయిదారు వందలు ఎక్కువైనా అదే నయమనిపిస్తుంది.

ఎక్స్‌టెండెడ్ నేను తీసుకోమనేది పెద్ద టీవీకి, అదీ ప్యానెల్‌కి వర్తిస్తుందని కాగితం మీద ఉంటేనే, ధర టీవీ ఖరీదులో పదో వంతు దాటకపోతేనే. ఫ్రిజ్, సాధారణ వాషింగ్ మెషీన్, మిక్సీ, గీజర్‌లకి వద్దంటాను, వాటి పార్టులు దొరుకుతాయి, ఊళ్లో మెకానిక్‌లు ఉన్నారు, ఆ డబ్బుతో ఒక మంచి స్టెబిలైజర్ వస్తుంది. స్టెబిలైజర్‌కి హై కటాఫ్ (వోల్టేజ్ మరీ ఎక్కువైతే కరెంటు ఆపేసే ఏర్పాటు) ఉందో లేదో అడిగి కొనండి, లో వోల్టేజ్‌ని పెంచేది మాత్రమే అయితే న్యూట్రల్ పోయిన రోజు అది కాపాడదు.

ఫోన్‌కి ఎక్స్‌టెండెడ్ దాదాపు ఎప్పుడూ దండగే, ఎందుకంటే మన చేతిలో ఫోన్లు పోయేది పడటం వల్ల, తడవడం వల్ల. అక్కడ కావాల్సింది డ్యామేజ్ ప్లాన్, ఆపిల్‌కేర్ ప్లస్, శాంసంగ్ కేర్ ప్లస్ లాంటివి. ఇందులో గొప్ప సుఖమేంటంటే తప్పు మీదా కాదా అన్న ప్రశ్నే చాలావరకు పోతుంది, పడేసుకున్నానని నిజం చెప్పి బాగుచేయించుకోవచ్చు. కానీ ప్రతిసారీ కొంత సర్వీస్ ఫీజు కట్టాలి, కొన్ని ప్లాన్లలో ఏడాదికి ఇన్నిసార్లే అని ఉంటుంది, కొన్నిట్లో స్క్రీన్ మాత్రమే, నీళ్లు ఉండవు, దొంగతనం చాలావాటిలో ఉండదు. ఫోన్ కొన్న కొద్ది రోజుల్లోపే తీసుకోవాలన్న గడువు ఉంటుంది, కాబట్టి తర్వాత చూద్దాం అంటే కుదరదు. నా లెక్క ఇలా ఉంటుంది: డిస్‌ప్లే ధర కనుక్కుంటాను, ప్లాన్ ధరకి సర్వీస్ ఫీజు కలుపుతాను, అది డిస్‌ప్లే ధరలో సగం దాటితే ప్లాన్ వదిలేసి మంచి కేసు, గ్లాసు వేయించి ఆ డబ్బు పక్కన పెడతాను. పదిహేను వేల ఫోన్లకి దాదాపు ఎప్పుడూ ఇదే తేలుతుంది. అరవై వేలు దాటిన ఫోన్‌కి, మడతపెట్టే ఫోన్‌కి, బైక్ మీద తిరిగే ఉద్యోగమున్నవాళ్లకి, ఇంట్లో చంటిపిల్లలుంటే ప్లాన్ తీసుకోండి. కాలేజీకి వెళ్లే పిల్లల లాప్‌టాప్‌కి కూడా, హాస్టల్లో అది ఎన్ని చేతులు మారుతుందో మనకి తెలియదు.

ఇక ఎవరూ కౌంటర్‌లో అడగనిది ఇంటి ఇన్సూరెన్స్. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, టీవీలు నీళ్లలో తేలాయి. వారంటీ, ఎక్స్‌టెండెడ్ ఏదీ వరదకి రాదు. దానికి పనికొచ్చేది ఇంటికి చేసే పాలసీ. 2021 ఏప్రిల్ నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి, వరద, తుపాను, పిడుగు, అగ్నిప్రమాదం అందులో ఉంటాయి, ఇంటికి చేసిన మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షలు, ఇంట్లో సామాన్లకి దానంతటదే వర్తిస్తుంది. అద్దెకున్నవాళ్లు సామాన్లకి మాత్రమే తీసుకోవచ్చు. షార్ట్ సర్క్యూట్‌తో ఒక్క మెషీన్ తనంతట తాను కాలిపోతే దానికి రాదు, అందుకు విడిగా బ్రేక్‌డౌన్ కవర్ కలపాలి. గోదావరి లంకల్లో, కృష్ణ ఒడ్డున, హైదరాబాద్‌లో చెరువు కింది కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లు ఒక్కో వస్తువుకీ విడివిడిగా ఎక్స్‌టెండెడ్ కట్టే డబ్బుతో ఇది ఒక్కటి చేయించుకోమని గట్టిగా చెబుతాను.

అమెరికా నుంచి అన్నయ్యో వదినో తెచ్చే ఫోన్ల గురించి కూడా. చాలా ఆండ్రాయిడ్ కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది, ఇక్కడి సెంటర్‌లో బిల్లు చూసి వెనక్కి పంపేస్తారు. లాప్‌టాప్‌లలో కొన్నింటికి అంతర్జాతీయ వారంటీ ఉంటుంది, కొనకముందే ఆ మోడల్‌కి ఇండియాలో చెల్లుతుందా అని వాళ్ల చేతే అడిగించండి. ధర తేడాలో మిగిలిన డబ్బు రిపేరుకి పక్కన పెట్టుకోగలిగితేనే అక్కడినుంచి తెప్పించుకోవడం లాభం.

వస్తువు అప్పగించే రోజు

ఏ ప్లాన్ ఉన్నా గెలిపించేది, ఓడించేది ఆ రోజు కాగితం. సర్వీస్ సెంటర్‌లో ఇచ్చే జాబ్ షీట్‌లో వస్తువు పరిస్థితి రాస్తారు, గీతలు, సొట్టలు, లిక్విడ్ అని. చదవకుండా సంతకం పెట్టొద్దు. సిమ్ ట్రే తీసి టార్చ్‌తో ఆ పట్టీని, నాలుగు మూలల్ని, పోర్ట్‌ని వాళ్ల కౌంటర్ ముందే వీడియో తీయండి, తీసుకున్నాక వాళ్ల దగ్గర తడిసిందా మన దగ్గరా అన్న తగువు రాకుండా ఉంటుంది. వారంటీ రాదంటే ఆ మాట నోటితో కాకుండా కారణంతో, ఫోటోతో మెయిల్‌లో పంపమనండి. అది చేతికి రాకముందు బయట మెకానిక్‌తో విప్పించొద్దు, మా చెల్లెలి విషయంలో మేం చేసింది అదే, దాంతో అడిగే దారి మూసుకుపోయింది.

అక్కడా తేలకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. చాలావాటికి అక్కడే కంపెనీ దిగివస్తుంది. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, వస్తువు ఎక్కడ కొన్నా సరే. వస్తువుకి కట్టింది 5 లక్షల్లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. లోపం తయారీదా వాడకందా అన్నది చూడగానే తేలకపోతే కమిషన్ ఆ వస్తువుని ల్యాబ్‌కి పంపించగలదు, దానికి ఖర్చు ముందు మీరు జమ చేయాల్సి ఉంటుంది, 45 రోజుల్లో రిపోర్టు అడుగుతారు. అందుకే పాడైన ఫోన్‌ని, తీసేసిన బోర్డుని పారేయకండి, సర్వీస్ సెంటర్‌లో వదిలేయకండి.

ఇన్సూరెన్స్ పాలసీ అయితే దారి వేరు. మినహాయింపు కింద క్లెయిమ్ తిప్పికొడితే ఆ మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీయే. ముందు వాళ్లకే ఫిర్యాదు రాయండి, నెల దాటినా జవాబు లేకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ తగువులు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, రెండు తెలుగు రాష్ట్రాలకీ యానాంకీ అదే ఆఫీసు, ఫీజు లేదు. షాపు అమ్మిన ఎక్స్‌టెండెడ్ ప్లాన్ మామూలుగా ఇన్సూరెన్స్ కాదు, సర్వీస్ ఒప్పందం, దానికి అంబుడ్స్‌మన్ పలకడు, కమిషన్‌కే వెళ్లాలి. కాబట్టి ప్లాన్ కొనేటప్పుడే అడగండి, ఇది ఇన్సూరెన్సా, సర్వీస్ కాంట్రాక్టా, కాగితం మీద ఎవరి పేరుంది అని.

ఇంకొకటి, షాపుల్లో ఇచ్చే నున్నటి థర్మల్ కాగితం బిల్లు బీరువాలో ఏడాదికే తెల్లబడిపోతుంది. రెండో ఏట తీసి చూస్తే తేదీ ఉండదు, సీరియల్ నంబర్ ఉండదు. ఇంటికి రాగానే బిల్లుని, పెట్టె మీది ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) స్టిక్కర్‌ని, ప్లాన్ షరతుల కాగితాన్ని ఫోటో తీసి మీ మెయిల్‌కే పంపుకోండి. కొత్త ఫోన్‌లో తీసి అందులోనే ఉంచితే ఆ ఫోన్ ఆన్ కాని రోజు బిల్లు కూడా దొరకదు.